పళ్లెములు చేసిన బెర్నార్ పలిస్సీ

విందుకు వచ్చినవారికి చెంబుతో చేతులమీద నీళ్లు పోయుట మన పల్లెలలో ఇంకను పలుచోట్ల కనబడుచున్నది. యెహోవా ప్రవక్త యెవడును ఇక్కడ లేడాయని రాజు విచారించినప్పుడు, ఏలీయా చేతులమీద నీళ్లు పోయుచుండిన ఎలీషా యున్నాడని సేవకుడొకడు తెలిపిన సంగతి మీకు తెలియును (2 రాజులు 3:11). మన ప్రభువు శిష్యుల పాదములు కడుగబూనినప్పుడు పళ్లెములో నీళ్లు పోసెను (యోహాను 13:5). కడుగుకొను పళ్లెము చిన్న వస్తువే గాని వేదములో దానికి చోటున్నది.

నాలుగు వందల యేండ్ల క్రిందట ఫ్రాన్సు దేశములోను ఈ ఆచారమే యుండెను. ఆ కాలమున అక్కడి గొప్పవారు సహితము చేతివ్రేళ్లతోనే తినుచుండిరి. కాబట్టి భోజనపు బల్లయొద్ద సేవకుడు కూజాతో నీళ్లు పోయగా, క్రింద పట్టిన పళ్లెములో అతిథులు చేతులు కడుగుకొనిరి. ధనికులకు వెండి పళ్లెములు, సామాన్యులకు మట్టి పళ్లెములు. తరువాతి కాలమున గోడకు తగిలించు పింగాణి నీళ్లకుండలును, వాటి క్రింద చేతులు కడుగు తొట్లును ఆ దేశమంతట వ్యాపించెను. నేడు పాత యిండ్లను బాగుచేసికొనువారు అట్టివాటిని వెదకి వెదకి కొనుచున్నారు. ఆ దేశపు మట్టి పళ్లెములలో పలిస్సీ పళ్లెములను పేరుగలవి కొన్ని కలవు. వాటిని చేసిన మనుష్యుని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

బెర్నార్ పలిస్సీ 1510 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు నైరుతి భాగములో పుట్టెను. అతడు గ్రీకు గాని లాటిను గాని చదివినవాడు కాడు. ఆ మాట తానే దాచక చెప్పుకొనెను. మొదట నేర్చిన వృత్తి కిటికీల అద్దములమీద రంగుల బొమ్మలు వ్రాయుట. ఆ పని చేయుచు యౌవనములో ఊరూర తిరిగెను. వెళ్లిన ప్రతిచోట రాళ్లను, మట్టిని, ఊటలను, చెట్లను పరీక్షించి చూచెను. 1540 ప్రాంతమున షరాంత్ నదియొద్దనున్న సేంత్ అను పట్టణములో కాపురము పెట్టెను. అప్పటికే పెండ్లియై బిడ్డలును కలిగిరి.

అక్కడ ఒకనాడు అతనికి ఒక మట్టి గిన్నె చూపబడెను. అది సారెమీద చక్కగా తిప్పి, పైన పూత వేసి కాల్చిన గిన్నె. ఏ దేశపుదో పండితులు ఇప్పటికిని తర్కించుచున్నారు. దానిని చూచినది మొదలు పలిస్సీ మనస్సు మరి దేనిమీదను నిలువలేదు.

ఆ పూత యేమిటో మన తల్లులకు సులభముగా తెలియును. ఆవకాయ పెట్టుకొను జాడీని చూడుడి. లోపల మట్టియే, పైన గాజువంటి నునుపు. ఆ నునుపువలననే నూనెయు ఉప్పును మట్టిలోనికి ఇంకవు. సీసము, తగరము మొదలైనవాటిని మెత్తగా నూరి, పాత్రకు పూసి, ఆవములో పెట్టి కాల్చినయెడల ఆ పొడి కరగి మట్టికి అంటుకొనును. వేడి చాలకపోతే కరగదు, మించితే కాలిపోవును. ఏ పొడి ఎంత కలుపవలెనో ఎరిగినవారు ఇతరులకు చెప్పెడివారు కారు. మట్టిపని యేమియు తెలియని పలిస్సీ చీకటిలో తడవుకొనువానివలె దీనిని వెదకుటకు దిగెను.

కుండలు కొని పగులగొట్టెను. ఒక్కొక్క పెంకుమీద ఒక్కొక్క మందు పూసి, గుర్తు పెట్టి, తానే కట్టిన ఆవములో కాల్చెను. ఏదియు కరగలేదు. తరువాత ఆ పెంకులను దూరపు కుమ్మరుల ఆవములకు పంపెను. అక్కడి వేడియు చాలలేదు. చేతిలో డబ్బు అయిపోయినప్పుడు, 1543 ప్రాంతమున, ఉప్పుపన్ను విధించుటకై సముద్రతీరపు ఉప్పుమళ్లను కొలిచి పటము వ్రాయు పని దొరికెను. ఆ జీతముతో మరల మొదలుపెట్టి, ఈసారి గాజు కొలిములకు పెంకులు మోసికొనిపోయెను. రెండేండ్లు అటు ఇటు తిరిగెను. ఇక ఇదే కడసారియని మూడువందల రకములకు పైగా పెంకులు సిద్ధపరచి తీసికొనిపోగా, వాటిలో ఒక్కటి నాలుగు గంటలలో కరగి, తెల్లగా మెరయుచు వెలికి వచ్చెను.

అంతటితో కష్టము తీరెనని అతడు తలంచెను. కష్టము అప్పుడే మొదలాయెను.

ఇంటియొద్దనే గాజు కొలిమి వంటి ఆవము కట్టుటకు పూనుకొనెను. కూలివానిని పెట్టుకొను శక్తి లేక ఇటుకలు తన వీపుమీదనే మోసికొనెను. పాత్రలు చేయుటకు ఏడెనిమిది నెలలు పట్టెను. ఇద్దరు బలిష్ఠులు త్రిప్పవలసిన తిరగలిని ఒక్కడే త్రిప్పి మందులు నూరెను. ఆవము రాజబెట్టి ఆరు పగళ్లు ఆరు రాత్రులు దానిముందే కూర్చుండెను. పూత కరగలేదు. మందు పాలు తప్పినదని తోచి, ఆవము చల్లారనీయకుండగనే క్రొత్త మందు నూరి, క్రొత్త కుండలు కొని, మరల పెట్టెను. అప్పుడు కట్టెలు అయిపోయెను. తోటలోని పందిరి గుంజలు పెరికి మంటలో వేసెను. అవియు చాలలేదు. ఇంటిలోని బల్లలు వేసెను. తుదకు నేలకు పరచిన చెక్కలు ఊడబెరికి వేసెను.

ఇక్కడ మేమొక మాట ఒప్పుకొనవలెను. ఈ కథను పట్టుదలకు దృష్టాంతముగా మేము అనేక పర్యాయములు ప్రసంగములో చెప్పితిమి. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని ఒక ముసలి తల్లి మాయొద్దకు వచ్చి, ఆ రాత్రి ఆ యింటి బిడ్డలు ఏమి తినిరో అయ్యగారు చెప్పలేదే అని అడిగెను. మాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి మరల చదివి చూచితిమి. ఆమె అడిగినదానికి కొంత జవాబు పలిస్సీయే వ్రాసిపెట్టియున్నాడు. పాలదాదులయొద్ద పెరుగుచున్న ఇద్దరు బిడ్డలకు నెలజీతము కట్టలేకపోయితినని వ్రాసెను. పలుచోట్ల అప్పులు నిలిచెననియు వ్రాసెను. నెలకు పైగా తన చొక్కా ఒంటిమీద ఆరలేదట. ఓదార్చవలసినవారే అతడు నేలచెక్కలు కాల్చుచున్నాడని ఊరిలో చాటించిరట. కొందరు అతనిని వెఱ్ఱివాడనిరి. కొందరు దొంగనాణెములు చేయుచున్నాడనిరి.

అతని భార్య గద్దించినదని మన పుస్తకములలో కొన్ని ఆమెను యోబు భార్యతో పోల్చి వ్రాసినవి. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. కాళ్ల క్రింది నేల లేచిపోయిన యింటిలో బిడ్డలను పెట్టుకొని కూర్చున్న స్త్రీ మరేమి చేయవలెను? తన పాట్లన్నిటిని అంత వివరముగా వ్రాసిన మనుష్యుడు ఆ కథలో ఎక్కడను ఆమె పేరు చెప్పలేదు. వారి బిడ్డలలో పలువురు పసితనముననే చనిపోయిరి. పలిస్సీని మేము గౌరవింతుము గాని, ఆ నేలచెక్కలను ఇక గొప్పగా చెప్పుట మానుకొంటిమి.

తరువాత అతడు ఒక కుమ్మరిని పనికి పెట్టుకొనెను. ఆరు నెలలు గడిచినమీదట జీతమియ్యలేక ఒంటిమీది బట్టలు ఇచ్చి పంపెను. పాత ఆవమును పడగొట్టి క్రొత్తది కట్టునప్పుడు చేతులు కోసికొనిపోయి, వ్రేళ్లకు గుడ్డలు చుట్టుకొని కూడు తినెను. ఆ ఆవము నిండ మంచి పాత్రలు పెట్టి కాల్చెను. ఈసారి పూత చక్కగా కరిగినది. అయితే ఆవము కట్టిన సున్నపు అడుసులో చెకుముకిరాళ్లు ఉండెను. అవి వేడికి చిట్లి, ముక్కలు ఎగిరి, కరగిన పూతకు అతుక్కొనెను. పాత్రల అంచులు చెయ్యి కోయునట్లాయెను. అప్పులవారు ఆ దినము కొరకే కనిపెట్టుకొనియుండిరి. తక్కువ వెలకు కొందుమని కొందరు అడిగిరి. పలిస్సీ తన పేరునకు తక్కువయని ఇయ్యలేదు. అన్నిటిని పగులగొట్టి, పోయి పడకమీద పడెను. యిర్మీయా చూచిన కుమ్మరి చెడిపోయిన జిగటమన్నును మరల మరియొక కుండగా చేసెను. కాల్చిన కుండకు ఆ వీలు లేదు.

ఇట్లు పదునైదు పదునారేండ్లు గడిచెను. ఆవముమీద కప్పు వేయించు స్తోమత లేక, గాలిలో వానలో రాత్రులు గడపెను. ఒక ప్రక్క గుడ్లగూబలు కూయుచుండగా, ఒక ప్రక్క కుక్కలు మొరుగుచుండగా, తెల్లవారుజామున త్రాగుబోతువలె తూలుచు ఇంటికి వచ్చెడివాడట. కాళ్లు ఎంత చిక్కిపోయెననగా, నడచునప్పుడు మేజోళ్లు మడమలమీదికి జారిపోయెడివి. అయినను ఒక్కొక్క తప్పు ఒక్కొక్క పాఠమాయెను. బూడిద ఎగిరి పూతమీద పడకుండ మట్టి మూతలు చేసి కప్పుట నేర్చుకొనెను. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేడికి కరగునని కనుగొనెను. గోధుమరంగు కరగకముందే ఆకుపచ్చ కాలిపోవుచుండెను. అన్నియు ఒక్క మంటలో ఒక్కసారి కరగునట్లు మందులను సరిచేయుటకే అతనికి బహుకాలము పట్టెను.

తుదకు కుదిరిన పళ్లెములు ఎట్టివనగా: కోలగానున్న పెద్ద పళ్లెము, నడుమ చిన్న దీవివలె గట్టు, దానిమీద చుట్టుకొనిన పాము, చుట్టు నీటివంటి నీలపు పూతలో చేపలు ఈదుచున్నట్లుండును, అంచున కప్పలు, బల్లులు, రొయ్యలు, గుల్లలు, ఆకులు. ఇవి చేతితో చెక్కిన బొమ్మలు కావు. నిజమైన పాములను, చేపలను తెచ్చి వాటిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో మట్టి నొక్కి చేసినవి గనుక పొలుసు పొలుసునకు కనబడును. రూపమునకు చేతులు కడుగు పళ్లెమే గాని, వాటిలో చేతులు కడిగినవారు అరుదు. గొప్పవారు వాటిని చూచుటకే బల్లమీద నిలిపిరి. మొదట అతడు ఆశించినది తెల్లని పూత. లోకము అతనిని ఎరిగినది ఈ రంగుల పూతలవలన.

ఈ యేండ్లలోనే మరియొక పని జరుగుచుండెను. 1546 ప్రాంతమున సంస్కరణ బోధను అంగీకరించిన కొందరు సన్న్యాసులు ఆ సీమలో వాక్యము చెప్పి, పట్టబడి, కాల్చబడిరి. తరువాత సేంత్ పట్టణములో మిక్కిలి బీదవాడైన ఒక పనివాడు తొమ్మిది పదిమందిని కూర్చెను. బోధకుడు లేనందున వారిలో ఆరుగురు వంతులవారీగా ఆదివారమున వాక్యము చెప్పుకొనిరి. ఆ సంగతి వ్రాసినవాడు పలిస్సీ. ఆ పనివాని పేరు వ్రాయలేదు. అతడు పలిస్సీయేయని చాలమంది తలంచుచున్నారు. కొన్నియేండ్లలో ఆ చిన్న కూటము సంఘమాయెను. ఊరిలో వ్యాజ్యములు తగ్గెననియు, వీధులలో కీర్తనలు వినబడెననియు వ్రాసెను.

ఆ సంఘమునకు పరిచర్య చేసినవారిలో ఫిలిబేర్ హామెలిన్ ఒకడు. అందరు కత్తులు కట్టుకొని తిరుగు కాలములో చేతికఱ్ఱ ఒక్కటి పట్టుకొని ఊరూర నడచిన మనుష్యుడు. అతడు చెరపట్టబడినప్పుడు తోడి విశ్వాసులు భయపడి దాగిరి. పలిస్సీ న్యాయాధిపతులలో ముఖ్యులైన ఆరుగురి యిండ్లకు పోయి, ఒక్కొక్కరి యెదుట ఆ బోధకుని పక్షముగా మాటలాడెను. వారు మర్యాదగా వినిరి గాని విడిపింపలేదు. 1557లో హామెలిన్ బోర్డో పట్టణములో చంపబడెను. ఆవముముందు కూర్చుండుటకంటె ఆరు గుమ్మములు ఎక్కుటయే గొప్ప ధైర్యమని మాకు తోచుచున్నది. ఎవరు ఆ గుమ్మములు ఎక్కినను వారి పేరు కూడ చెరసాల పుస్తకములో చేరుటకు ఆలస్యము కాదు.

అతనికిని ఆ దినము వచ్చెను. 1562లో ఫ్రాన్సులో మతయుద్ధములు మొదలాయెను. పలిస్సీని పట్టుకొని రాత్రివేళ బోర్డోకు తీసికొనిపోయిరి, పనిశాలను పగులగొట్టిరి. అతని ప్రాణము దక్కిన విధము చిత్రమైనది. రాజ్యపు సేనాధిపతియైన మోంమొరాన్సీ ప్రభువు రోమను సంఘస్థుడు, ప్రొటెస్టంటులతో యుద్ధము చేసినవాడు. అయితే తన కోట తోటకు పలిస్సీచేత మట్టి గుహ ఒకటి చేయించుకొనుచుండెను. పని నిలిచిపోవునని రాజమాత కథరీన్‌తో చెప్పి, పలిస్సీకి రాజు కుమ్మరియను బిరుదు ఇప్పించి విడిపించెను. విశ్వాసముకొరకు పట్టబడినవాడు కుండలకొరకు విడువబడెను.

1563లో లా రొషెల్ పట్టణమున అతని మొదటి పుస్తకము అచ్చాయెను. మన రైతు సహోదరులు దానిలోని ఒక్క సంగతి వినవలెను. పెంటను బయట కుప్పపోసి వానకు విడిచినయెడల దాని సారము కరగి పోవును. కుప్ప ఉన్నచోట మాత్రమే పైరు ఏపుగా పెరుగుటకు కారణమదే. కాబట్టి పెంటకు కప్పు వేయుడని బోధించెను. రసాయనశాస్త్రము పుట్టకముందు వ్రాసిన మాట ఇది. ఆ పుస్తకములోనే ఒక తోటను వర్ణించెను. నదియొడ్డున చెట్లక్రింద కన్యకలు 104వ కీర్తన పాడుచుండగా వినినప్పుడు ఆ తోట తన మనస్సున పుట్టెనని చెప్పెను.

తరువాత పారిస్ నగరమునకు పోయి, రాజమాతకు త్యూయిలరీ తోటలో గుహ కట్టుటకు పనిశాల పెట్టెను. కుమారులును అక్కడ పనిచేసిరి. 1980లలో ఆ ప్రాంతమున త్రవ్వగా అతని పనిశాల అచ్చులును పెంకులును బయటపడినవి. 1572 ఆగస్టు 24న పరిశుద్ధ బర్తొలొమయి దినమున పారిస్‌లో ప్రొటెస్టంటుల సంహారము మొదలాయెను. పలిస్సీ బ్రదికి, సెడాన్ పట్టణములో తలదాచుకొనెను. 1575 నాటికి మరల పారిస్ చేరి, రాళ్లను గూర్చి, ఊటలను గూర్చి ఉపన్యాసములు చెప్పెను. వినవచ్చినవారు రుసుము కట్టవలెను. తాను చెప్పినది తప్పని చూపినవారికి నాలుగింతలు తిరిగి ఇత్తునని ప్రకటించెను. సముద్రపు నీరే భూమిలో పైకెక్కి ఊటలగునని పండితులు చెప్పు కాలమది. పలిస్సీ మాత్రము, కురిసిన వాన నేలలోనికి ఇంకి, క్రింద రాయి గాని బంకమన్ను గాని అడ్డుపడినచోట ప్రక్కకు పారి ఊటగా వచ్చునని చెప్పెను. మన బావులు త్రవ్వువారికిది తెలిసినదే. కొండలలో దొరకు గుల్లరాళ్లు ఒకప్పుడు ప్రాణముగల జంతువులేయనియు చెప్పెను. 1580లో ఇదంతయు పుస్తకమాయెను. తన ఆవము కథను అతడు వ్రాసినది అందులోనే.

అతని పేరుతో అంగళ్లలో కనబడు పళ్లెములు ఎక్కువభాగము అతనివి కావు. అనుకరించినవారు చాలమంది. పందొమ్మిదవ శతాబ్దమున తూర్ పట్టణపు షార్ల్ అవిస్సో మొదలైనవారు ఆ పని మరల మొదలుపెట్టి అట్టివే చేసిరి. ప్రదర్శనశాలలవారు సహితము చాలవాటిక్రింద పలిస్సీదని గట్టిగా వ్రాయరు. అతనిదని తలంపబడుచున్నదని మాత్రమే వ్రాయుదురు.

1580ల చివర పారిస్ మతావేశపరుల చేతిలో చిక్కెను. డెబ్బది యేండ్లు దాటిన పలిస్సీని మరల పట్టి, బాస్టీల్ కోటలో వేసిరి. అక్కడికి రాజు వచ్చి మతము మార్చుకొమ్మని బ్రతిమాలెననియు, పలిస్సీ ఎదిరించి గొప్ప జవాబు చెప్పెననియు ఒక కథ కలదు. దానిని వ్రాసినవాడు ఒక్కడే. అతడును రెండుచోట్ల రెండు విధములుగా వ్రాసెను. కాబట్టి మేము దానిని ఇక్కడ చెప్పము. అతడు మతము మార్చుకొనలేదు, బయటికిని రాలేదు. ఇది నిశ్చయము.

అతనిని ఎరిగిన లెస్ట్వాల్ అను పారిస్ వాసి తన దినచర్య పుస్తకములో వ్రాసినది ఇంతే. 1590లో పలిస్సీ ఎనుబదేండ్ల ప్రాయమున, లేమివలనను క్రూరముగా చూడబడుటవలనను చెరసాలలో చనిపోయెను. అతని బంధువైన ఒక స్త్రీ మరునాడు ఎట్లున్నాడో చూడవచ్చెను. శవము కోట గోడమీద కుక్కలయొద్ద నున్నదని కోట అధికారి చెప్పి పంపెను. చనిపోవుచు అతడు లెస్ట్వాల్‌కు రెండు రాళ్లు విడిచిపెట్టెను. ఒకటి, బహుకాలమునకు రాయిగా మారిన మనుష్యుని పుఱ్ఱెయని అతడు నమ్మినది. మరియొకటి, తన పనిలో వాడుకొనుచుండినది. ఆ రెండును లెస్ట్వాల్ తన గదిలో దాచియుంచెను.